ప్రశ్న ఎవరిది?

డిటెక్టివ్ నవలను గురించి మన పత్రికలో వ్యాసమేమిటని మిత్రులు కొందరు నన్ను ముందే నిలదీశారు. అది సాహిత్యమే కాదు పొమ్మన్నారు ఒకరు. సాహిత్యమైనా అది శత్రువర్గపు సాహిత్యమన్నారు మరొకరు. ఈ రెండు మాటల్లో ఏది నిజమైనా వ్యాసం రాయవలసిన అవసరం పెరుగుతుందే గాని తగ్గదు. జనం ఇంత ఆబగా చదివేది సాహిత్యం కాకపోతే ఎందుకు కాదో చెప్పాలి. శత్రువుదే అయితే అది మన ఇళ్ళలోకి ఏ దారిన వచ్చిందో చూడాలి. వీధిలో ఉన్న వస్తువును చూడనట్టు నటించి పక్కకు తప్పుకొని పోవడం విమర్శ అనిపించుకోదు.

నేను గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల్లో ముప్పయ్యేళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేశాను. పిల్లలకు, పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు చాలా పుస్తకాలిచ్చాను. మనం మంచివని నమ్మే నవలలే ఇచ్చాను. నెల దాటినా తిరిగి వచ్చేవి కావు. వచ్చినప్పుడు నలభయ్యో పేజీ దగ్గర ఒక బస్సు టిక్కెట్టు గుర్తుగా ఉండేది. ఆ టిక్కెట్టు అక్కడినుంచి ముందుకు కదలలేదన్నమాట. అదే కుర్రవాడు బస్టాండు దగ్గరి బంకులో రోజు అద్దెకు తెచ్చుకొన్న షాడో నవలను రాత్రికి రాత్రి ముగించి, తెల్లవారి కళ్ళు నులుముకొంటూ బడికి వచ్చేవాడు. వాడి మీద కోప్పడినంత కాలం నాకేమీ అర్థం కాలేదు. ఆ టిక్కెట్టు మీద కోప్పడవలసింది వాణ్ణా, నలభయ్యో పేజీ రాసినవాణ్ణా అని ఆలోచించడం మొదలుపెట్టిన తర్వాతనే కొంత తెలిసింది.

మనవాళ్ళ దగ్గర ఈ విషయానికి సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటున్నది: పలాయనవాదం. జనం జీవితంలోని బాధలను మరచిపోవడానికి ఇవి చదువుతారట. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని మరచిపోవడానికే అయితే అంత భయం దేనికి? కథలో పాప ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు చదివేవాడి అరచేతులు చెమర్చడం దేనికి? బాధను మరచిపోదలచినవాడు ఇంకొక బాధను డబ్బిచ్చి తెచ్చుకొంటాడా? విశ్రాంతికోసం అయితే విశ్రాంతినిచ్చే పుస్తకాలు వేరే ఉన్నాయి. ఉత్కంఠ నవల విశ్రాంతి నివ్వదు, పనిపెడుతుంది. అనుమానించమంటుంది, గుర్తుంచుకోమంటుంది, లెక్కకట్టమంటుంది. రోజంతా ఒళ్ళు హూనమైనవాడు రాత్రి మళ్ళీ ఈ పనికి ఎందుకు ఒప్పుకొంటున్నాడనేదే అసలు ప్రశ్న.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. జరిగిపోయినదాన్ని తెలుసుకోవాలనేది కుతూహలం. జరగబోయేదాన్ని తలచుకొని ఊపిరి బిగపట్టడం ఉత్కంఠ. హత్య ఎవరు చేశారన్నది మొదటిది, ఇంకొక హత్య జరుగుతుందా అన్నది రెండవది. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో బల్లకింది బాంబును ఉదాహరణగా తీసుకొని ఈ సంగతి వివరించాడు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకొంటుంటే బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి కలిగేది కొన్ని సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి ముందే తెలిసి, వాళ్ళిద్దరికీ తెలియకపోతే, ఆ పనికిమాలిన సంభాషణ అంతా పావుగంటసేపు గొంతులో ముల్లులా ఉంటుంది. అంటే మర్మాన్ని దాచడమొక్కటే పట్టు కాదు. చెప్పడం కూడా పట్టే. ఏది దాచాలి, ఏది చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నదే అందులోని శిల్పం.

మన తెలుగులో ఈ శిల్పం నిన్న మొన్న పుట్టినది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలనూ మన తాతలు ఎందుకు చదివారో ఒకసారి చూడండి. మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడుగా ఒక గోపబాలుణ్ణి పిలుస్తాడు. వాడు ఊరికే రాడు. దారిలో తాను అడిగినదానికల్లా కథ చెప్పాలని షరతు పెడతాడు. ప్రతి మజిలీలోనూ వాడు ఊరంతా తిరిగి, ఏదో ఒక వింత చూసి వచ్చి, అది ఏమిటని అడుగుతాడు. మణిసిద్ధుడు తన మణి మహిమవల్ల సంగతి తెలుసుకొని కథ చెప్తాడు. చెప్పకపోతే నడక ఆగిపోతుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ప్రశ్న చెప్పేవాడిది కాదు, వినేవాడిది. వింతను కళ్ళతో చూసినవాడు, కాళ్ళతో నడిచేవాడు, మూట మోసేవాడు అడుగుతాడు. పండితుడు బదులు చెప్పుకోవాలి.

చందమామలో దశాబ్దాల తరబడి వచ్చిన బేతాళ కథల్లో ఈ సంబంధం తలకిందులైంది. అక్కడ కథ చెప్పేవాడే ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసి చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెప్తే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. వినేవాడికి ఏదీ కలిసిరాదు. సరదాకథే గాని, ఇందులో కథకుడు వినేవాడి మెడమీద ఎక్కి కూర్చున్నాడు. ఉత్కంఠ సాహిత్యపు చరిత్ర అంతా ఈ రెండు చట్రాల మధ్య నడుస్తున్నదని నేననుకొంటాను. ఒక పుస్తకం మనల్ని పట్టుకొన్నప్పుడు అడగవలసింది అది ఎంత గట్టిగా పట్టుకొన్నదని కాదు. ఆ పట్టులో ఉన్న ప్రశ్న ఎవరిదని.

మొదట అమ్మకం సంగతి చూద్దాం. మన విమర్శకులు దీన్ని ఎందుకో వదిలేస్తుంటారు. కథలో ముడి ఎక్కడ పడాలో నిర్ణయించేది చాలావరకు కథ చేతికి అందే పద్ధతే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒక పాకెట్ పుస్తకంలో ఇమిడే మనుషులు. ఒక రైలు ప్రయాణంలో మొదలై ఆ ప్రయాణంలోనే ముగియాలి. అందుచేత ఆ నవలల్లో ఒకటే పెద్ద ముడి, దాని చుట్టూ చిన్నవి. వారపత్రిక సీరియల్ వచ్చిన తర్వాత ప్రతి వారం చివరా ఒక ముడి అవసరమైంది. వచ్చే గురువారం పత్రిక అమ్ముడుపోవాలి గదా. అద్దె పుస్తకాల బంకు దగ్గరికి వచ్చేసరికి గడియారం పాఠకుడి జేబులోనే ఉన్నది. రెండోరోజు ఉంచుకొంటే రెండోరోజు అద్దె కట్టాలి. మా కుర్రవాడు రాత్రంతా మేలుకొన్నది షాడో మీది ప్రేమతో మాత్రమే కాదు.

గిద్దలూరునుంచి నంద్యాలకు మీటరుగేజి బండి నడిచే రోజుల్లో నేను కాలేజీకి అందులోనే పోయేవాణ్ణి. దిగువమెట్ట దాటి నల్లమలలోకి బండి ప్రవేశించిన తర్వాత బొగద దగ్గర సొరంగం వస్తుంది. ఆ పెట్టెలో లైటు ఎన్నడూ వెలిగేది కాదు. ఒకసారి నా ఎదుట కూర్చున్న ఆసామి యుగంధర్ నవల చదువుతున్నాడు. సొరంగంలో చీకటిపడింది. వెలుతురు వచ్చేసరికి ఆయన పుస్తకం అదే ఎత్తులో, అదే పేజీ దగ్గర పట్టుకొని ఉన్నాడు. చీకట్లో కూడా చేయి దించలేదు. నా పక్కన మన కవుల సంకలనం ఒకటున్నది. సొరంగానికి ముందే నేను దాన్ని మూసి కిటికీలోంచి అడవి చూస్తున్నాను. ఇది నా మీద నేను చెప్పుకొన్న చాడీ అనుకొన్నా ఫరవాలేదు.

కొమ్మూరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన వాక్యం పొట్టిది, కండ లేని వాక్యం ఉండదు. సంభాషణ నడుస్తుంటే మనిషి కనిపిస్తాడు. అన్నిటికంటె ముఖ్యం, ఆయన పాఠకుణ్ణి గౌరవించాడు. ఆధారం యుగంధర్‌కు దొరికినప్పుడు మనకూ దొరుకుతుంది. చెల్లని తాళంచెవి, అబద్ధమాడిన నౌకరు, తప్పుగా చెప్పిన సమయం, ఇవన్నీ మన కళ్ళముందే ఉంటాయి. ప్రపంచంలో ఏ పనీ కారణం లేకుండా జరగదని, ఆ కారణాన్ని మనిషి బుద్ధితో పట్టుకోవచ్చునని ఈ నవలలు చెప్పాయి. దేవుడి చిత్తమని, కర్మఫలమని చెప్పే కథల మధ్య పెరిగిన పాఠకుడికి ఇది చిన్న సంగతి కాదు. 1841లో ఎడ్గార్ ఎలన్ పో మొదటి డిటెక్టివ్ కథ రాసినప్పటినుంచి ఈ జాతి కథలకున్న గొప్ప గుణం ఇదే. నిరుపేద పాఠకుణ్ణి సైతం పట్టుకొన్నది ఈ హామీయే: ఇక్కడ జరిగిన ప్రతిదానికీ ఒకడు బాధ్యుడు, ఆఖరి పేజీలోపల వాడి పేరు బయటపడుతుంది.

ఎవరి జీవితంలో ఈ హామీ దొరకదో వారికే ఇది ఎక్కువ రుచి. మా పశ్చిమ ప్రకాశంలో ఈ సంగతి వివరించనక్కరలేదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్నాయి. ఆ తర్వాత కొత్త జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా నేలలోని నీళ్ళు మారలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన నడుములకు బాధ్యుడెవరో ఏ ఆఖరి పేజీ చెప్పలేదు. కృష్ణ నీళ్ళు శ్రీశైలం జలాశయంనుంచి కొండల కిందుగా తెస్తామన్న వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే దానికి పెట్టారు. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగాల్లో మొదటిదాని తవ్వకం 2021లోనూ, రెండవదానిది 2024లోనూ ముగిసింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడికి రెండో సొరంగం ముగిసేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇన్ని భాగాల సీరియల్‌ను ఏ వారపత్రికా నడపలేదు. ఇంతకాలం ఎదురుచూడడం నేర్చిన జనానికి, రెండువందల పేజీల్లో తప్పక తేలిపోయే ఎదురుచూపు ఎంత ఇంపుగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది పలాయనమని కొట్టిపారేసేముందు, ఆ ఇంపులో దాగిన ఆకలిని గుర్తించాలి. అది నిద్రమత్తు కోరే ఆకలి కాదు, లెక్క తేల్చమనే ఆకలి.

ఆకలి మంచిదే. వడ్డించినదేమిటన్నదే చిక్కు. కొమ్మూరి నవలల్లో ‘లక్షాధికారి హత్య’ అని ఒకటున్నది. ఆ పేరు చాలు. లక్షాధికారిని ఎవరు చంపారన్న ప్రశ్న అలాంటి నవలలన్నిటినీ నడిపిస్తుంది. అతడు లక్షాధికారి ఎలా అయినాడన్న ప్రశ్న పుస్తకం అంచుల దాకా రాదు. వచ్చినా అది హంతకుడికి ప్రేరణగా, ఆధారాల్లో ఒక ఆధారంగా మాత్రం వస్తుంది. పాఠకుడి దగ్గర ఉన్న పెద్ద ప్రశ్నను తీసుకొని, దాని చోట ఒక చిన్న ప్రశ్న పెట్టి, దానికి బ్రహ్మాండమైన సమాధానం ఇస్తారు. చిల్లర చేతికి వస్తుంది గనుక నోటు ఏమైందో గుర్తుండదు.

ఈ మారకాన్ని మార్క్స్ చాలా ముందే చూశాడు. 1842–43లో ఒక పారిస్ దినపత్రికలో యూజీన్ స్యూ ‘పారిస్ రహస్యాలు’ అనే నవలను సీరియల్‌గా రాశాడు. పారిస్ మురికివాడలు, దొంగలు, పడుపువృత్తిలోకి నెట్టబడిన ఆడపిల్లలు, వారందరి మధ్య మారువేషంలో తిరుగుతూ చెడ్డవాళ్ళను శిక్షించి మంచివాళ్ళకు బహుమతులిచ్చే రుడాల్ఫ్ అనే రాజకుమారుడు. ఊరంతా విరగబడి చదివింది. 1845లో వచ్చిన ‘పవిత్ర కుటుంబం’లో మార్క్స్ ఈ నవలకు చాలా పేజీలు కేటాయించాడు. దాన్ని చదవడం తన స్థాయికి తక్కువని ఆయన అనుకోలేదు. మన మిత్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి. మొదట్లో ఉత్సాహంతో, జీవశక్తితో కళకళలాడిన మేరీ అనే పిల్లను రక్షకుడు పశ్చాత్తాపంతో కుళ్ళబెట్టి, సన్యాసినిని చేసి, చివరికి చంపుకొన్న తీరును ఆయన వేలుపెట్టి చూపాడు. రక్షించబడినవారికి ఏమైందో చూడమని ఆయన విమర్శ చెప్తున్నది. రుడాల్ఫ్ వచ్చినచోట మిగిలినవాళ్ళకు చేయవలసిన పనేమీ ఉండదు.

1970ల తర్వాత తెలుగు యువకుల్ని ఊపేసిన మధుబాబు షాడో ఈ రుడాల్ఫ్‌కు దూరపు చుట్టం. వేగం, సాహసం, గంగారాం హాస్యం, ఎక్కడెక్కడి దేశాలో. మా ఊరి కుర్రవాళ్ళు భూగోళం కొంత షాడో దగ్గరే నేర్చుకొన్నారంటే నవ్వవలసిన పని లేదు, అది నిజం. అయితే షాడో ఉన్నచోట రెండో మనిషి లేడు. గ్రాంసీ ముస్సోలినీ జైలులో కూర్చుని సీరియల్ నవలలను గురించి రాసుకొంటూ, మహామానవుడనే భావం తత్త్వశాస్త్రం కంటె ముందు డ్యూమా వంటివారి జనరంజక నవలల్లో పెరిగిందన్న అర్థంలో ఒక చురక వేశాడు. ఇటలీ జనం పరాయి దేశపు సీరియళ్ళు ఎందుకు చదువుతున్నారని ఆయన అడిగాడు. జనాన్ని తిట్టలేదు. తమ రచయితలు జనానికి దగ్గరగా లేరు గనుక చదువుతున్నారన్నాడు. ఈ మాట మనకు అప్పగించినట్టే ఉన్నది.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పటి సంగతి వేరు. ఇంతకుముందు చెప్పిన బల్లకింది బాంబును ఆయన చక్కగా వాడుకొన్నాడు. పసిపాపకు ఆస్తి చెందవలసి ఉన్నది. దానిమీద కన్నువేసినవాళ్ళు పాపమీద చేతబడి చేయిస్తారు. తల్లిదండ్రులకు తెలియని సంగతి పాఠకుడికి తెలుసు. దీనికి తోడు గడువు. ఒకవైపు వైద్యం, హిప్నాటిజం, మరోవైపు క్షుద్రవిద్య. రెండు దారుల్లోనూ పాపను కాపాడడానికి పరుగు. నేను చదవలేదని అబద్ధమాడను. వారం వారం పత్రిక కోసం బస్సు వేళకు పోయి నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. హేతువాదులు ఆనాడే దీనిమీద ధ్వజమెత్తారు. మూఢనమ్మకాలను ప్రచారం చేస్తున్నదన్నారు. ఆ విమర్శ న్యాయమైనదే గాని చాలదు. కథలో మొదట వేసిన ప్రశ్న ఆస్తికి సంబంధించినది: ఈ పాప చస్తే ఎవరికి లాభం? యుగంధర్ అయితే ఈ దారం పట్టుకొని పోయేవాడు. ఇక్కడ దాన్ని వదిలి, మంత్రం పారుతుందా పారదా అనే ప్రశ్నను పాఠకుడి చేతిలో పెట్టారు. కారణం ఉన్నదన్న హామీనే సందేహంలో పడవేశారు. కొమ్మూరి చిల్లరైనా ఇచ్చాడు. ఇక్కడ చిల్లర కూడా చెల్లుతుందో లేదో తెలియదు.

ఇక మనవాళ్ళ సంగతి. ఆరుద్ర మనవాడు. ‘త్వమేవాహం’ రాసినవాడు, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కూర్చినవాడు, డిటెక్టివ్ నవలలు కూడా రాశాడు. వాటిలో ‘పలకల వెండిగ్లాసు’ ఒకటి. (మార్కాపురంలో ఈ పేరు చెప్తే పలకల ఊళ్ళో వెండిగ్లాసేమిటని నవ్వుతారు. రాతిపలకలు కోసే ఊరికి పలకలంటే ఒకటే అర్థం.) ఆయన ఈ రెండింటినీ ఒక చేత్తోనే రాశాడు, ఏ చేతినీ దాచుకోలేదు. తర్వాతివాళ్ళం ఆయన కవిత్వాన్ని తీసుకొని ఈ రెండో విద్యను అటకమీద పెట్టాము.

ఫలితం నలభయ్యో పేజీ దగ్గర బస్సు టిక్కెట్టు. మన నవలల్లో పదో పేజీకే అంతా తేలిపోతుంది. భూస్వామి దుర్మార్గుడు, కూలి మంచివాడు, యువకుడు చదువుకొని వస్తాడు, చివర ఊరేగింపు. సత్యమే, కాని సందేహం లేని సత్యం. రచయితకు సమాధానం ముందే తెలుసు గనుక ప్రశ్న వేయడం మరచిపోయాడు. సిద్ధాంతం మన దగ్గర ఉన్నంతమాత్రాన కథలోని మనిషికి రేపేమవుతుందో మనకు తెలిసిపోదు. ఆ మనిషికి కూడా తెలియదు. ఆ తెలియనితనాన్ని మనం రాయలేదు.

రాసినవాళ్ళు లేకపోలేదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ తీసుకోండి. పంచాయితీ జరుగుతున్నది. అప్పల్రాముడు బాకీ కట్టాలా అక్కర్లేదా? ఇంతే కదా విషయం. ఊరంతా కూడి, గోపన్న వాదన, అప్పల్రాముడి వాదన, పెద్దల తర్కం, శ్రీరాములునాయుడి ధర్మం అన్నీ నింపాదిగా వింటుంది. తొందరపడే వాక్యమొక్కటి లేదు. అయినా ఎవరు ఆ కథను మధ్యలో మూయగలరు? బాకీ న్యాయంగా తేలుతున్న కొద్దీ మన కడుపులో భయం పెరుగుతుంది. బల్లకింద బాంబు ఉన్నదని మనకు తెలుసు, అది ఎక్కడున్నదో తెలియదు. చివర సీతారాముడు తన బిడ్డను తెచ్చి పడవేసినప్పుడు, హత్య చేసినవాడు కళ్ళముందు నిలబడి ఉంటాడు, హంతకుడెవరన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. డిటెక్టివ్ నవల ముగిసేచోట ఈ కథ పాఠకుడికి పని అప్పగిస్తుంది. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోనూ సారా కేసు, పోలీసు, ప్లీడరు, కోర్టు, డిటెక్టివ్ నవలకు కావలసిన సరంజామా అంతా ఉన్నది. లేనిది మర్మమొక్కటే. ఎవరేం చేస్తున్నారో అక్కడున్న అందరికీ తెలుసు. అందరికీ తెలిసినది ఎందుకు ఆగదన్నదే ఆయన కథల్లోని ఉత్కంఠ. ఈ ప్రశ్న కోర్టుమెట్ల మీద కూర్చున్న ప్రతి పేదవాడిదీ.

ఇప్పుడు పుస్తకం చేతిలోంచి చెవిలోకి పోయింది. బస్టాండు బంకులు మూతపడ్డాయి. టెలిఫోనులో వినే కథలు వచ్చాయి. కొన్ని యాప్‌లలో ఒక్కొక్క భాగం పది, పన్నెండు నిమిషాలు. కొన్ని ఉచితంగా వినిపించి, పట్టు బిగిసిందనుకొన్నచోట నాణేలు కొనమంటారు. పాకెట్ పుస్తకానికి ఒక ముడి, సీరియల్‌కు వారానికొకటి, దీనికి పది నిమిషాలకొకటి. కథ ముగియడం వ్యాపారానికి నష్టం గనుక కొన్ని కథలు వందల భాగాలు దాటి సాగుతున్నాయి. కొమ్మూరి ఇచ్చిన హామీలో రెండో సగం, ఆఖరి పేజీలోపల తేలుతుందన్నది, ఇక్కడ రద్దయింది. పుస్తకమైతే చివరి పేజీ దొంగచాటుగా చూసుకోవచ్చు. గొంతుకు చివరి పేజీ లేదు. అయితే ఇందులో కొత్త వినికిడి ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. చేతులు పనిలో ఉన్నవాళ్ళు, చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్ళు, కళ్ళు అలసినవాళ్ళు మళ్ళీ కథ దగ్గరికి వచ్చారు. బుర్రకథ విడిచిపోయిన జాగాలో ఈ గొంతు వచ్చి కూర్చున్నది. ఆ గొంతుకు ఎదురు ప్రశ్న వేయడానికి మాత్రం వీలు లేదు. గోపబాలుడు మూట దించి కూర్చుంటానని మణిసిద్ధుణ్ణి బెదిరించగలిగాడు. యాప్‌ను ఎవరు బెదిరిస్తారు?

ఇలాగే అనుకొంటూ ఉండగా పోయిన ఏడు హైదరాబాదులో ఒక బంధువు ఇంటికి పోవలసి వచ్చింది. ఆ అపార్టుమెంటుకు రాత్రి కాపలా ఉండే మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కొమరోలు వైపువాడు, నా దగ్గర చదువుకొన్నవాడు. వానలు లేక, బోరు ఎండి, భార్యాబిడ్డలతో వచ్చి గేటు పక్క గదిలో ఉంటున్నాడు. చెవిలో తీగ ఉన్నది. ఏం వింటున్నావు నాయనా అని అడిగాను.

“హత్య కథ సార్. రాత్రి నిద్రపోకూడదు గదా. పాటలింటే నిద్రొస్తాది. ఇదింటే రాదు.”

పలాయనవాదాన్ని గురించి నేను చదివినదంతా ఆ మాటతో కొంత వెలవెలబోయింది. వీడు నిద్రలోకి పారిపోవడానికి కాదు, నిద్రను తరిమి ఉద్యోగం నిలబెట్టుకోవడానికి వింటున్నాడు. కథ ఏమిటో చెప్పమన్నాను.

“మొదటి భాగంలోనే వాచ్‌మన్‌ను చంపుతారు సార్, గేటు కాడ. ఆనక లోపలికి పొయ్యి ఓనరును చంపుతారు. అప్పుట్నుంచి పోలీసులు, డిటెక్టివు, అందరూ ఓనరును ఎవరు చంపినారని తిరుగుతాండారు. వాచ్‌మన్ సంగతి ఎవరూ ఎత్తట్లే. వానికి పేరు గూడా పెట్టలే.”

“మరి ఇంకా ఎందుకు వింటున్నావు?”

“ఎవరన్నా అడుగుతారేమోనని సార్.”

నూట పదహారో భాగం నడుస్తున్నదట. ఇంకా ఎన్ని ఉన్నాయో వాడికి తెలియదు. నాణేలకు నెలకెంత అవుతుందని అడిగితే నవ్వి ఊరుకొన్నాడు. ఇంతలో కారు వచ్చింది. తీగ చెవిలోంచి తీసి భుజాన వేసుకొని గేటు తెరవడానికి పోయాడు.